గజం దూరం నుంచి చూడు

నాటింగ్‌హామ్ నుంచి

చిరంజీవి అమ్మలుకు మేనమామ ఆశీర్వదించి రాయునది.  

నువ్వు పంపిన ఫొటోలు పెద్ద తెర మీద పెట్టుకుని ఒకటికి రెండుసార్లు చూశాను. బల్ల మీద యుద్ధాల ఆటకి రంగు వేసే చిన్న సైనికుల బొమ్మల పెట్టెలు నాలుగు ఒకేసారి తెరిచావు. అస్థిపంజరాల సైన్యం, ఇంగ్లండు గులాబీ యుద్ధాల విలుకాళ్ళు, జూలూ యోధులు, ఇప్పుడు కొత్తగా ఈస్టిండియా కంపెనీ సిపాయిలు. "ఒక్కో బొమ్మ చేతిలోకి తీసుకుంటే బాగానే ఉంది మామయ్యా, ఇరవై కలిపి బల్ల మీద పెడితే కలగాపులగంగా ఉంటోంది, ఎందుకు?" అని అడిగావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నీ చెయ్యి మంచిది. ఆ మాట ముందు చెప్పాలి. విలుకాళ్ళలో ఒకడి మేజోడు మోకాలి కిందికి జారింది చూడు, ఆ ముడతల కింద సన్నటి నీడ గీశావు. మా క్లబ్బులో ఆ ఫొటో చూపిస్తే ఇద్దరు పెద్దవాళ్ళు కళ్ళజోడు సర్దుకుని మరీ చూశారు. లోపమంతా దూరంలో ఉంది. నువ్వు బొమ్మని దీపం కింద, కంటికి జానెడు దూరంలో పెట్టుకుని రంగు వేస్తావు. ఆడేవాడు దాన్ని గజం దూరం నుంచి, నిలబడి, పైనుంచి చూస్తాడు. 28 మిల్లీమీటర్ల మనిషంటే అంగుళం పైన చిల్లర. అంత దూరం నుంచి ముందు కంటికి ఆనేది గుంపు మొత్తం మీద ఉన్న రంగు. తర్వాత వెలుగునీడల తేడా. ఆ తర్వాత బల్లేలూ తుపాకులూ ఎటు వాలాయన్న వరస. ముఖాలు అన్నిటికన్నా చివర. నువ్వు ముఖాలతో మొదలుపెట్టి, ఇరవై మందికి ఇరవై రకాల సొగసులు చేశావు. ఒకడి సొగసు పక్కవాడి సొగసుని కనపడనివ్వడం లేదు.

గుంపుకి రంగు వేసేముందు నిన్ను నువ్వే ఒక్కటి అడగాలి తల్లీ. ఈ మనుషులు దూరం నుంచి ఒకళ్ళనొకళ్ళు ఎలా గుర్తుపట్టేవాళ్ళు? ఒక్కో సైన్యానికి దీనికి జవాబు వేరు. అది దొరికిందంటే అందరికీ ఒకేలా ఏముండాలో, ఎవరికి వారికి ఏది వదిలెయ్యాలో దానంతటదే తెలుస్తుంది.

నీ విలుకాళ్ళనే తీసుకో. గులాబీ యుద్ధాల నాటికి దేశమంతటికీ ఒకే యూనిఫారం లేదు. ఏ ప్రభువు కొలువులో ఉన్నవాడు ఆ ప్రభువు రంగుల కోటు తొడిగేవాడు, గుండె మీద ఆయన చిహ్నం కుట్టించుకునేవాడు. యార్క్ వంశానిది నేరేడు రంగూ నీలమూ. వార్విక్ ప్రభువు మనుషులవి ఎర్ర కోట్లు, వాటి మీద ఎలుగుబంటీ, కణుపులున్న కర్రా. 1471 ఏప్రిల్ 14న, ఈస్టర్ ఆదివారం తెల్లవారుజామున, లండన్‌కి ఉత్తరాన బార్నెట్ దగ్గర దట్టమైన మంచులో యుద్ధం జరిగింది. వార్విక్ పక్షాన పోరాడుతున్న ఆక్స్‌ఫర్డ్ ప్రభువు దళం తన ఎదుటి శత్రువుని తరిమికొట్టి వెనక్కి వచ్చింది. వాళ్ళ కోట్ల మీది చిహ్నం కిరణాలున్న నక్షత్రం. అవతల యార్క్ వంశపు ఎడ్వర్డ్ రాజుది కిరణాలున్న సూర్యుడు. మంచులో నక్షత్రం సూర్యుడిలా కనపడింది. సొంత పక్షంవాళ్ళే వాళ్ళ మీద బాణాలు వేశారు. ద్రోహం, ద్రోహం అని కేకలు లేచి సైన్యం చెదిరిపోయింది, వార్విక్ ప్రాణమే పోయింది. అంచేత ఆ కోటు రంగూ, ఆ చిహ్నమూ అలంకారాలని అనుకోకు. నీ విలుకాళ్ళకి ఆరు రంగుల కోట్లు వేశావు. వాళ్ళు ఎవరి మనుషులో నాకు తెలియలేదు, ఆ మంచులో వాళ్ళకీ తెలిసేది కాదు. పన్నెండు మందికి ఒకే ప్రభువు కోటు వెయ్యి. మేజోళ్ళు, టోపీలు, తోలు సంచులు ఎవరివి వారివిగా వదిలెయ్యి. కోటులో కలుస్తారు, కాళ్ళ దగ్గర విడిపోతారు.

జూలూల సంగతి ఇంకోలా ఉంటుంది. ఒంటి మీద బట్ట తక్కువ, ఇక అందరూ ఒకటని ఎలా చెప్పాలి? డాళ్ళతో. డాలు ఆవుతోలుతో చేసేవాళ్ళు, దాని రంగుని బట్టి దళం తెలిసేది. అనుభవమున్న పెద్ద దళాలకి తెలుపు ఎక్కువున్న డాళ్ళు, పడుచు దళాలకి నలుపు ఎక్కువున్నవి. 1879లో ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం వచ్చేసరికి ఆ కట్టుబాటు కొంత సడలిందంటారు గానీ, మన బల్ల మీద మాత్రం గుంపుని నిలబెట్టేది డాలే. నువ్వు ప్రతి డాలుకీ కొత్త మచ్చలు దిద్దావు, ముచ్చటగా ఉన్నాయి. ఒక గుంపుకి నలుపు మీద తెల్ల మచ్చలే ఉంచు. మచ్చ ఎక్కడ పడిందన్నది ఒక్కటే మారాలి. ఒకే మందలోని పశువుల్లో ఉండేది కూడా ఆ మాత్రం తేడాయే.

ఇక సిపాయిలు. వీళ్ళ గురించి నీకు రాయాలని ఎన్నాళ్ళుగానో ఉంది. మీ కాకినాడ నుంచి పిఠాపురం దాటి వెళ్తే గొల్లప్రోలు, ఆ పక్కనే చందుర్తి. ఇంగ్లీషు పుస్తకాల్లో కాండోర్ అని రాసే యుద్ధం జరిగింది అక్కడే, 1758 డిసెంబరులో. విజయనగరం ఆనంద గజపతిరాజు పిలుపు మీద క్లైవు బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డ్‌ని పంపాడు. అతని వెంట ఐదొందల లోపు తెల్ల సైనికులు, సుమారు రెండువేల మంది బెంగాల్ సిపాయిలు. ఎదురుగా ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్. ఆ సిపాయిలకి క్లైవు అంతకు ముందే ఎర్ర కోట్లు తొడిగించాడు, వాళ్ళ మొదటి పటాలానికి లాల్ పల్టన్ అని పేరే వచ్చింది. మన దక్షిణాదిలో ఫ్రెంచివాళ్ళు అప్పటిదాకా చూసిన కంపెనీ సిపాయిలు తెల్లబట్టల వాళ్ళు. యుద్ధం రోజున ఫోర్డ్ తెల్ల సైనికులు మనిషెత్తు పెరిగిన చేను చాటున పడ్డారు. ఫ్రెంచివాళ్ళకి కనపడింది పక్కనున్న ఎర్ర కోట్లు. ఇంగ్లీషు దళం అదేననుకుని బలమంతా అటు తిప్పారు. సిపాయిలు వెనక్కి తగ్గారు, ఫ్రెంచివాళ్ళు వరస తప్పి వాళ్ళ వెంటపడ్డారు. అప్పుడు చేను చాటు నుంచి అసలు దళం బయటికొచ్చి పక్కనుంచి కాల్చింది. అక్కడితో ఫ్రెంచి పని అయిపోయింది. నాలుగు నెలలకి మచిలీపట్నం కోట కూడా పోయింది. ఉత్తర సర్కార్లలో ఫ్రెంచివాళ్ళ జోరు అక్కడితో ముగిసింది. కోటు రంగు ఇంత పని చేసిందన్నమాట. నువ్వు సిపాయి కోటుకి కుంచెతో ఎరుపు పెట్టేటప్పుడు ఇది మనసులో ఉంటే, అది ఎలాంటి ఎరుపో, ఎంత దూరం కనపడాలో చేతికే తెలుస్తుంది.

ఎరుపు గురించి నాలుగు మాటలు చెప్పనివ్వు. బతుకంతా లెస్టర్‌లో బట్టల అద్దకం మిల్లులో గడిపినవాణ్ణి, ఎరుపు ఎంత మొండిదో నాకు తెలుసు. ఆ రోజుల్లో మామూలు సైనికుడి కోటు మంజిష్ఠ జాతి వేరుతో అద్దేవాళ్ళు. ఇటుక ఛాయ, ఎండకీ వానకీ వెలిసేది. అధికారి కోటుది కోచినీల్ పురుగు నుంచి తీసిన రంగు, కళ్ళకి కొట్టొచ్చే సిందూరపు ఎరుపు. కాబట్టి సిపాయిలందరికీ ఇటుక ఎరుపు వేసి, ముందు నడిచే అధికారి ఒక్కడికే మెరిసే ఎరుపు వెయ్యి. గజం దూరం నుంచి నాయకుడెవడో అడక్కుండానే తెలుస్తుంది. ఎరుపు మీద వెలుగు చూపించడానికి తెలుపు కలపకు, గులాబీ రంగైపోతుంది. కాస్త నారింజ గానీ, లేత చర్మం రంగు గానీ కలుపు. నీడకి నలుపు వద్దు, ముదురు గోధుమరంగు చాలు.

ఈ సిపాయిలకి కింద మోకాళ్ళ పైకుండే చల్లడం, కాళ్ళు ఖాళీ. అంటే ఎరుపు తర్వాత గుంపులో ఎక్కువ కనపడేది ఒంటి రంగు. ఇక్కడ సీసాల్లో దొరికే చర్మం రంగులు చాలావరకు ఇక్కడి మనుషుల కోసమే కలిపినవి. మన మనిషికి వాటి జోలికి వెళ్ళకు. ఎరుపు జీర ఉన్న గోధుమరంగుతో మొదలుపెట్టు, పైన వెలుగుకి పసుపుమన్ను రంగు కలుపు. తెలుపు కలిపితే బూడిద పూసినట్టు ఉంటుంది. మూడు ఛాయలు చేసుకుని, అందరికీ వరస తెలియకుండా చెదరగొట్టి వెయ్యి. పక్కపక్కన ఉన్న ఇద్దరికి ఒకే ఛాయ పడకూడదు. ముక్కు మీద, చెంప ఎముక మీద, మోకాలి చిప్ప మీద చిన్న చుక్క పెడితే చాలు. కనుపాపలు ముందు వరసవాళ్ళకి పెట్టు. వెనక వరసలో నుదుటి కింద నీడ చాలు, అక్కడ ఎవరూ కనుపాప వెతకరు.

ఆ పక్కనే ఆనంద గజపతిరాజు మనుషులు ఉండాలి కదా. వాళ్ళు వేలల్లో వచ్చారు. ఎక్కువమంది చేతుల్లో బల్లేలు, విల్లులు. తుపాకులు కొందరి దగ్గరే. యూనిఫారం లేదు. బొబ్బిలి కోట యుద్ధానికి బొమ్మలు చేసినా ఇదే చిక్కు వస్తుంది. రంగు తేడాలుండాలి, అయినా ఒక గుంపుగా కనపడాలి. నాకు తెలిసిన ఉపాయం ఇది. కోరా తెలుపు, నీలిమందు నీలం, వెలిసిన ఎరుపు, పసుపు, మట్టిరంగు, ఈ ఐదే పెట్టుకో. ఆరోది ముట్టుకోవద్దు. ఆ ఐదింటిలోనూ ఒకే గోధుమరంగు చుక్క కలిపి కాస్త మందగింపజెయ్యి. చివర్లో అందరికీ ఒకే వాష్, అంటే బాగా పల్చన చేసిన రంగు, పుయ్యి. ఎవరి బట్ట వాళ్ళదే అయినా, అందరూ ఒక దుమ్ములోంచి నడిచొచ్చినవాళ్ళలా ఉంటారు. ఎర్ర కోట్ల వరస పక్కన ఈ గుంపుని పెట్టి చూడు, రెండు సైన్యాలు రెండు రకాల లోకాలని బల్లే చెబుతుంది. ఒక్కో కాలం బొమ్మలు చెయ్యడంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

అస్థిపంజరాలకి ఇలాంటి చరిత్ర ఏమీ లేదు, అందుకే అవి కష్టం. ఇష్టమొచ్చిన రంగు వేసుకోవచ్చనే సరికి కుంచె అన్ని సీసాల్లోకీ వెళుతుంది. 1983లో వార్‌హామర్ ఆట వచ్చినప్పటి నుంచి ఇక్కడివాళ్ళు ఊహాలోకపు సైన్యాలకి కూడా చరిత్రలో ఉన్నట్టే రంగుల కట్టుబాటు పెట్టుకుంటూ వచ్చారు. అంతరిక్ష సైనికుల్లో అల్ట్రామెరైన్స్ అంటే నీలం, అంతే, పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. నీ అస్థిపంజరాలకి నువ్వే ఆ కట్టుబాటు రాసుకో. ఎముక రంగు, తుప్పు రంగు, వీటికి తోడు ఒకే ఒక్క రంగు. చిలుం పట్టిన రాగి ఆకుపచ్చ బాగుంటుందని నా ఉద్దేశం. ఎముకకి గోధుమ వాష్, పైన డ్రై బ్రష్, అంటే రంగు దాదాపు తుడిచేసిన కుంచెతో రుద్దడం, ఒక్క సాయంత్రంలో ముప్ఫై అయిపోతాయి. వీటి మీద ఇంతకన్నా పొద్దు పుచ్చకు.

ఈ గుంపు పిచ్చి నాకు పాతవాళ్ళ నుంచి అబ్బింది. హెచ్.జి. వెల్స్ 1913లో బొమ్మ సైనికులతో ఆడే ఆటకి నిబంధనలు రాసి పుస్తకం వేసినప్పుడు, ఆడింది కొట్లో రంగు వేసి అమ్మిన బ్రిటన్స్ బొమ్మలతో. 1962లో ఇలాంటి ఆటల మీద డోనాల్డ్ ఫెదర్‌స్టోన్ పుస్తకం వచ్చాక చాలామంది బొమ్మలు తెచ్చుకుని వాళ్ళే రంగు వేసుకోవడం పెరిగింది. నిగనిగలాడే ఎనామిల్ రంగులు, నీడలూ గీడలూ తక్కువ. మా క్లబ్బు బీరువాలో అలాంటి పటాలాలు ఇప్పటికీ ఉన్నాయి. దగ్గరికెళ్తే ముఖం ఒక్క చుక్క. బల్ల అవతలి చివర నుంచి చూడు, ఏది ఏ పటాలమో క్షణంలో చెప్పేస్తావు. ఇప్పటి కుర్రాళ్ళ పనితనం వాళ్ళకి లేదు, కానీ దేనికోసం రంగు వేస్తున్నారో వాళ్ళకి స్పష్టంగా తెలుసు. నీకు రెండూ రావాలని నా కోరిక.

పని వరస చెబుతాను. అస్థిపంజరాలు తప్ప ఏవైనా ఒక విడతలో ఎనిమిదికి మించి పెట్టుకోకు. ఇరవై పెట్టుకుంటే పదో కోటు దగ్గర విసుగొస్తుంది, విసుగు కోటు మీద కనపడుతుంది. ప్లాస్టిక్ బొమ్మకి అచ్చు గీత చాకు అంచుతో గీకెయ్యి. నీ జూలూల్లో ఇద్దరి భుజాల మీద ఆ గీత అలాగే ఉంది, వాష్ వెయ్యగానే అది బయటపడింది. ఒక్కో బొమ్మని ఖాళీ సీసా మూత మీద అంటించి మూతనే పట్టుకో, వేలి నూనె రంగుకి అంటదు. ప్రైమర్ అయ్యాక ఒక రంగు తీస్తే ఎనిమిదికీ అదే రంగు వేసి గానీ ఇంకో సీసా మూత తియ్యొద్దు. రంగు పల్చటి మజ్జిగలా ఉండాలి, రెండు పూతలు పడాలి. మీ ఎండకి ఆక్రిలిక్ రంగు ప్లేటు మీదే ఎండిపోతుందన్నావు. మూత ఉన్న డబ్బా తీసుకుని అడుగున తడి స్పాంజి పరిచి, పైన బటర్ పేపర్ వేసి, దాని మీద రంగు కలుపు. మర్నాటికి కూడా పనికొస్తుంది. చెయ్యి వణికితే రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించి బల్ల అంచుకి పెట్టు.

చెయ్యి అన్నాను కాబట్టి గుర్తొచ్చింది. నీ విలుకాళ్ళని చెక్కింది పెర్రీ సోదరులు, ఆలన్, మైకేల్, కవలలు. మా నాటింగ్‌హామ్‌వాళ్ళే. 1996లో ఫ్రాన్సులో పాత యుద్ధాన్ని మళ్ళీ ప్రదర్శిస్తుండగా ఫిరంగి ప్రమాదంలో మైకేల్ కుడి చెయ్యి పోయింది. ఎడమ చేత్తో చెక్కడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత చెక్కినవి ముందటివాటికి ఏ మాత్రం తీసిపోవు. ఆ పెట్టె తెరిచినప్పుడల్లా నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

స్ప్రే ప్రైమర్, మ్యాట్ వార్నిష్ తేమ రోజుల్లో కొట్టకు. సముద్రం పక్క ఊరు మీది, గాలిలో తడి ఉంటే వార్నిష్ తెల్లగా మంచు పట్టినట్టు దిగుతుంది, అంత కష్టమూ పాడవుతుంది. పొడిగా ఉన్న రోజు, బయట, మాస్కు పెట్టుకుని కొట్టు. వానాకాలమంతా కుంచెతో పూసే రకమే వాడుకో. కుంచె కొన నోట్లో పెట్టుకుని తీసే అలవాటు నీకూ వచ్చిందని ఒక వీడియోలో చూశాను. ఇవాళే మానెయ్యి. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉంటుంది, అవి ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కో, ఆకురాయి పెట్టి రుద్దినప్పుడు వచ్చే పొడి అసలు పీల్చకు.

ఇంకొక్కటి, అద్దకంవాడిగా పట్టుబట్టి చెబుతున్నాను. మిల్లులో ప్రతి ఛాయకీ ఒక షేడ్ కార్డు ఉండేది. బట్ట ముక్క, పక్కన ఏ రంగు ఎంత పడిందో లెక్క. అది లేకపోతే రెండో లాటు మొదటి లాటుతో కలవదు, గిరాకీ వాపసు పంపుతాడు. నువ్వూ ఒక నోటుబుక్కు పెట్టుకో. గుంపుకి ఒక పేజీ. ఏ సీసా, ఎన్ని చుక్కలు, ఏ వాష్, పక్కన చిన్న రంగు మరక. ఆరు నెలల తర్వాత అదే పటాలానికి ఇంకో ఎనిమిది మంది వచ్చి చేరినప్పుడు, ఆ పేజీ లేకపోతే వాళ్ళు పొరుగు దేశంవాళ్ళలా కనపడతారు. నాలుగు థీమ్‌లు ఒకేసారి నడిపేదానివి, నీకు ఇది మరీ అవసరం. థీమ్ మారడం తప్పేం కాదు, కంటికి విశ్రాంతి. కానీ ఒక ఎనిమిది మందిని పూర్తిగా, కాళ్ళ కింది బేస్ అంచు నల్లరంగుతో సహా ముగించి, అప్పుడు ఇంకో పెట్టెలోకి వెళ్ళు. సగంలో ఉన్న నలభై బొమ్మల కన్నా పూర్తయిన ఎనిమిదిని చూస్తే ఎక్కువ ధైర్యం వస్తుంది.

నా మాట వింటే మిగతా మూడు పెట్టెలూ ప్రస్తుతానికి పైన పెట్టి, చందుర్తి మొదలెట్టు. ముందు ఎనిమిది మంది ఎర్ర కోట్ల సిపాయిలు. నెలాఖరుకి మీ చిన్నాన్న వస్తున్నాడు, అతని చేత రెండు సేబుల్ కుంచెలు పంపుతున్నాను, ఒకటో నంబరు, సున్నా నంబరు. సన్నటిది కొంటే పని సన్నగా వస్తుందనుకోకు. కొన నిలిస్తే ఒకటో నంబరుతోనే కనుపాప పెట్టొచ్చు. వాటితో డ్రై బ్రష్ మాత్రం చెయ్యకు, దానికి పాత కుంచె చాలు.

బేస్‌ల మీద వేసే ఇసక కూడా పంపమన్నావు. అది పంపను. ఒక ఆదివారం మీ నాన్నగారి స్కూటర్ మీద చందుర్తి వెళ్ళండి. పొలం వాళ్ళని అడిగి గుప్పెడు మట్టి తీసుకో. బాగా ఎండబెట్టి, టీ వడకట్టుతో జల్లించి, చెక్క జిగురు మీద చల్లు, ఎండాక పల్చటి జిగురునీళ్ళు ఇంకో పూత పుయ్యి. రంగు వెయ్యకు, ఆ మట్టి రంగు అలాగే ఉండనివ్వు. తీసిన మట్టి ఫొటో ముందు నాకు పంపు, దాన్ని చూసి చల్లడాల తెలుపులో ఎంత మట్టిరంగు కలపాలో చెబుతాను.



ఇట్లు,
మీ మామయ్య